ఆల్బర్ట్ సెంట్ జార్జి

ఆపిల్ పండును కోసి పళ్ళెమున నుంచినచో కొంతసేపటికే దాని తెల్లని కండ గోధుమవన్నె తాల్చును. నారింజతొనను చీల్చి యుంచినను అట్లు రంగు మారదు. వంటయింట నిత్యము కనబడు ఈ భేదమును అందరును చూచినవారే. దాని కారణమును వెదకుచు పోయి, మానవుల ప్రాణము నిలుపు ఒక పదార్థమును వెలికి తీసినవాడు ఆల్బర్ట్ సెంట్ జార్జి.

ఆయన 1893వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన హంగేరీ దేశమున బుడాపెస్ట్ నగరములో జన్మించెను. వైద్యవిద్య నభ్యసించుచుండగా మొదటి ప్రపంచయుద్ధము వచ్చి సైన్యమున చేరవలసి వచ్చెను. ఆ జనసంహారమును సహింపజాలక 1916లో తన చేతిని తానే తుపాకితో కాల్చుకొని ఇల్లు చేరెను; మరుసటి యేట వైద్యపట్టము పొందెను. యుద్ధానంతరము స్వదేశము విడిచి, పలుచోట్ల స్వల్పవేతనమునకు పనిచేసి, కడకు హాలెండు దేశమందలి గ్రోనింగెన్ నగరమును చేరెను.

అచట మొక్కలు నల్లబడుటను గూర్చి పరిశోధింప మొదలిడెను. పండు కణములలో ఫీనాలు పదార్థములును, వానిపై పనిచేయు ఎంజైమును వేర్వేరు అరలలో నుండును. కత్తి తగిలినంతనే అరలు చిట్లి, రెండును కలిసికొని, గాలిలోని ప్రాణవాయువు సాయమున గోధుమరంగును పుట్టించును. నిమ్మజాతి పండ్ల రసమును పరీక్షించునపుడు మాత్రము రావలసిన నీలిరంగు ఒక్క క్షణము ఆలస్యముగా వచ్చుట ఆయన గమనించెను. రంగును అడ్డగించు వస్తువేదో ఆ రసమున గలదు. ఇతరులైనచో ఆ క్షణమును లెక్కపెట్టియుండరు.

పరిశోధనకు స్వస్తి చెప్పదలచిన తరుణమున, 1926లో స్టాక్‌హోమ్ నగరమున జరిగిన శాస్త్రజ్ఞుల మహాసభకు వెళ్ళెను. కేంబ్రిడ్జి ఆచార్యుడు హాప్కిన్స్ తన ఉపన్యాసమున ఈ అనామకుని వ్యాసమును ప్రశంసించి, పిదప తన యొద్దకు రప్పించుకొనెను. అచట నారింజ, క్యాబేజీ, అధివృక్క గ్రంథుల నుండి ఆ వస్తువును స్ఫటికములుగా తీసి 1928లో ప్రకటించెను. దాని స్వరూపము తెలియదను అర్థము వచ్చునట్లు ఆయన పెట్టిన హాస్యపుపేరును పత్రికా సంపాదకుడు త్రోసిపుచ్చగా, హెక్స్యురోనిక్ ఆమ్లమను పేరు స్థిరపడెను.

తరువాత ఆయన హంగేరీలోని సెగెడ్ నగరమున ఆచార్యుడయ్యెను. ఆ పదార్థమును దినమునకు ఒక్క మిల్లీగ్రాము చొప్పున పొందిన గినీపందులు స్కర్వీ వ్యాధి పాలుగాక బ్రదికెను. శతాబ్దములు నావికులను బలిగొన్న ఆ వ్యాధిని వారించు సి విటమిను ఇదియే యని తేలెను. అమెరికాలో చార్లెస్ గ్లెన్ కింగ్ కూడ 1932లోనే ఇట్టి ఫలితమును ప్రకటించుటచే ముందెవరన్న వివాదము చెలరేగెను.

ఇంతలో నిలువయున్న స్ఫటికములు అయిపోయెను. ఒకనాటి రాత్రి భార్య భోజనమున ఎర్రని తీపిమిరప వడ్డించెను. తిన మనసు రాక, అంతవరకు పరీక్షింపని కాయ గదా యని దానిని ప్రయోగశాలకు కొనిపోయెను. అర్ధరాత్రి నాటికి అది సి విటమినుకు గని యని తెలిసెను. సెగెడ్ పరిసరములు ఆ మిరపపంటకు ప్రసిద్ధములు! కొలదివారములలో కిలోగ్రామునకు మించిన స్ఫటికములు లభింపగా, శాస్త్రజ్ఞులకు పంచిపెట్టెను. బర్మింగ్‌హామ్‌లో హావర్త్ దాని నిర్మాణమును నిర్ణయించెను. స్కర్వీని పోగొట్టునది గనుక దానికి ఆస్కార్బిక్ ఆమ్లమని పేరయ్యెను. కోసిన పండ్లముక్కలను నేడును ఈ ఆమ్లము కలిపిన నీటిలో ముంచుదురు. అది తాను వ్యయమగుచు రంగును కాపాడును, అది తరిగిపోయిన పిదప ముక్క నల్లబడసాగును.

1937లో సెంట్ జార్జికి వైద్యశాస్త్రమునను, హావర్తునకు రసాయనశాస్త్రమునను నోబెల్ బహుమానములు లభించెను. రెండవ ప్రపంచయుద్ధమున నాజీల నెదిరించి తలదాచుకొనవలసి వచ్చెను. 1947లో అమెరికాకు వలసపోయి, వుడ్స్ హోల్ అను సముద్రతీర గ్రామమున కండరములను గూర్చి పరిశోధించుచు, 1986వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన అచటనే కన్నుమూసెను.