చెవితో లెక్కలు నేర్చిన మహనీయుడు - శ్రీ లక్కోజు సంజీవరాయశర్మ

మన సంఘ సంచికకు ప్రతియేటా ఏదో ఒకటి రాసివ్వమని మన కార్యకర్తలు మమ్ము అడుగుతూ ఉంటారు. పిలకాయలకు పనికివచ్చేది అయితే మరీ మంచిదని ఈసారి గట్టిగా చెప్పి పోయారు. మేము వృత్తిరీత్యా ఉర్దూ మాధ్యమంలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయులం. అందుచేత లెక్కలలో పేరు మోసిన ఒక మహనీయుని జీవితాన్ని సభ్యుల ముందు ఉంచదలచాము.

వారు మన మతస్థులు కారు. కానీ మన సీమవారే, ఒక విధంగా మన పొరుగువారే. వడమాలపేటలో బస్సెక్కి రేణిగుంట మీదుగా పోతే శ్రీకాళహస్తి ఎంతో దూరం కాదు. ఆ ఊరి దేవాలయంలో ఫిడేలు వాయిస్తూ జీవించిన శ్రీ లక్కోజు సంజీవరాయశర్మగారే వారు. విద్య ఎవరి దగ్గర ఉన్నా వెళ్ళి తెచ్చుకోవలసిందే గదా!

శర్మగారు 1907 నవంబరు 22న కడప జిల్లా ప్రొద్దుటూరు ప్రాంతంలోని కల్లూరు గ్రామంలో జన్మించారు. పుట్టుకతోనే వారికి చూపు లేదు. ఆ కాలంలో పల్లెటూళ్ళలో చూపు లేని పిల్లవాడికి చదువు చెప్పే ఏర్పాటు ఎక్కడిది? ఆయన పలక పట్టలేదు, బడిలో కూర్చోలేదు. కానీ ఆయన అక్కగారు బడికి పోయి వచ్చి, ఇంటి దగ్గర పాఠాలు గట్టిగా చదివేవారు. తమ్ముడు పక్కన కూర్చుని వినేవాడు. విన్నది మనసులో నిలుపుకునేవాడు. ఎక్కాలు, కూడికలు, హెచ్చవేతలు అన్నీ ఆ విధంగా చెవి ద్వారానే ఆయన లోపలికి పోయినవి. ఒక గణిత మేధావికి మొదటి గురువు బడి చదువుతున్న ఒక ఆడపిల్ల అన్నమాట! ఇంట్లో ఆడపిల్లకు చదువెందుకు అనే పెద్దలు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

చెవి శక్తి ఏపాటిదో మనవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. చూపు లేని పిల్లలు ఉస్తాద్ నోట విని విని ఖురాన్ షరీఫ్ కంఠస్థం చేసి హాఫిజ్‌లు కావడం మన పెద్దలు ఎరిగినదే. అదే చెవిని లెక్కలకు ఎందుకు వాడుకోము అన్నది మా ప్రశ్న. పుస్తకం తెరిచి మౌనంగా చూస్తూ కూర్చోవడమే చదువు అని పిల్లలు అనుకుంటున్నారు. మేము తరగతిలో పహాడే చెప్పించేటప్పుడు మధ్యలో ఆపి, పదిహేడు ఎనిమిదులు ఎంత అని అడుగుతాము. పది ఎనిమిదులు 80, ఏడు ఎనిమిదులు 56, రెండూ కలిపితే 136 అని పిల్లవాడు పైకి చెప్పాలి. జవాబు ఒక్కటే చెబితే ఒప్పుకోము, దారి కూడా చెప్పాలి. పై తరగతిలో విభాగ న్యాయం అని వచ్చేది ఇదే. నోటితో చెప్పి ఉన్న పిల్లవాడికి అక్షరాలతో వచ్చినప్పుడు బెదురు ఉండదు.

శర్మగారు ఫిడేలు కూడా నేర్చుకున్నారు. 1928 నవంబరులో నంద్యాలలో తొలిసారి పెద్ద సభలో తన గణిత విద్యను ప్రదర్శించారు. మన ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నది కూడా ఆ నెలలోనే, ఆ నంద్యాలలోనే. అప్పటికి ఆయన వయసు సుమారు 21 ఏళ్ళు. ఆ తరువాత ఊరూరా తిరిగి కొన్ని వేల ప్రదర్శనలు ఇచ్చారు. సభలో ఉన్నవారు పెద్ద పెద్ద హెచ్చవేతలు, ఘాతాలు, మూలాలు అడిగేవారు. కాగితం లేదు, పెన్సిలు లేదు, ఆయన వెంటనే జవాబు చెప్పేవారు. అష్టావధానం మాదిరిగా దీనికి గణితావధానం అన్న పేరు వచ్చింది.

హైదరాబాదులో ఒకసారి 2ను 103 సార్లు వేసి హెచ్చవేస్తే ఎంత అని అడిగారు. ఆయన 32 అంకెల జవాబు నోటితో చెప్పారు. ఆ సంఖ్య 10141204801825835211973625643008. ఇది విని అబ్బురపడి ఇంటికి పోతే మనకు మిగిలేది ఏమీ లేదు. అందుకని మేము పదవ తరగతి పిల్లలకు దీన్ని ఇట్లా చెబుతాము. ముందు చింతగింజలు ఇస్తాము. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని కుప్పలు పెట్టమంటాము. పదోసారి రెట్టింపు చేసేసరికి ఒక్క కుప్పకే 1024 గింజలు కావాలి, సంచి ఖాళీ అవుతుంది, పిల్లలు నవ్వుతారు. అప్పుడు బల్లమీద రాస్తాము. 2 పదో ఘాతం 1024, అంటే వెయ్యికి కొంచెం ఎక్కువ. దాన్ని పది సార్లు హెచ్చవేస్తే 2 నూరవ ఘాతం. వెయ్యిని పది సార్లు హెచ్చవేస్తే 1 పక్కన 30 సున్నాలు. ఇంకా మిగిలింది 2 మూడో ఘాతం, అంటే 8. కనుక జవాబు 8 పక్కన 30 సున్నాలకు పైనే ఉండాలి. ఇది 31 అంకెల సంఖ్య. మరి శర్మగారు చెప్పింది 32 అంకెలు! ఎక్కడ తేడా వచ్చింది? మనం వదిలేసిన ఆ 24 పది విడతల్లో పెరిగి పెరిగి ఒక అంకెను ముందుకు నెట్టింది. ఇంత చిన్న సంగతి చివరకు ఎంత పని చేస్తుందో చూశారా! ఘాతాంక న్యాయాలను బట్టీ పట్టిన పిల్లవాడు పరీక్ష కాగానే మరిచిపోతాడు. చింతగింజల సంచి ఖాళీ చేసినవాడు మరిచిపోడు.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట మేము పనిచేసిన ఒక బడిలో ఒక అబ్బాయి ఉండేవాడు. వాళ్ళ నాయన తోపుడు బండి మీద పండ్లు అమ్మేవాడు. సాయంత్రం బండి దగ్గర ఆ అబ్బాయి డజను ఇంత అయితే ఏడు పండ్లకు ఎంత అని తడుముకోకుండా చెప్పేవాడు. తరగతిలో మాత్రం అన్నీ తప్పులే. బల్లమీద 3 ఉంటే 8 అని రాసుకునేవాడు. పొగరు అనుకున్నాము, నిర్లక్ష్యం అనుకున్నాము, బెంచీ ఎక్కించి నిలబెట్టాము. అర్ధ సంవత్సర పరీక్ష తప్పాడు, బడికి రావడం మానేశాడు. కొన్నేళ్ళ తరువాత బస్టాండులో కనబడి ఎంతో మర్యాదగా సలాం చేశాడు. ముఖం మీద లావు అద్దాల కళ్ళజోడు ఉంది. మాకు నోట మాట రాలేదు. వాడికి బల్ల కనబడలేదని మాకు ఎన్నడూ తోచలేదు. బొత్తిగా చూపు లేని శర్మగారికి వినిపించే అక్క ఉంది. కొద్దిగా చూపు తక్కువైన ఈ పిల్లవాడికి మా మూలంగా చదువే పోయింది. శర్మగారి జీవితం గుర్తుకు వచ్చినప్పుడల్లా ఆ అబ్బాయి ముఖం కూడా మా కళ్ళముందు నిలుస్తుంది.

ఆనాటి నుండి మేము బల్ల ఒక్కటే నమ్ముకోలేదు. రాసింది రెండు సార్లు పైకి చదువుతాము. ముసల్లస్ పాఠానికి అట్టతో త్రిభుజాలు కత్తిరించి చేతికిస్తాము. మూడు మూలలు చింపి పక్కపక్కన పేర్చితే సరళరేఖ వస్తుంది. కళ్ళు మూసుకుని వేలితో తడిమినా అది తెలుస్తుంది. మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు అని తరువాత చెబితే చాలు.

శర్మగారిలో మరొక విద్య ఉంది. ఎవరైనా పుట్టిన తేదీ, సమయం, స్థలం చెబితే, అది ఏ వారమో, ఏ తిథో, ఏ నక్షత్రమో ఆయన చెప్పేవారు. తిథి నక్షత్రాల మాట మాకెందుకు గాని, వారం లెక్క ప్రతి పిల్లవాడూ చేయగలడు. 365ను 7తో భాగిస్తే శేషం 1. అంటే ఏడాది గడిస్తే వారం ఒకటి ముందుకు జరుగుతుంది, మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు జరుగుతుంది. ఇంత తెలిస్తే చాలు. పాత క్యాలెండర్లు పారవేయకుండా బడికి పంపండి, శేషాల పాఠం పునశ్చరణకు వాటికన్నా మంచి సామగ్రి లేదు.

శర్మగారు శ్రీకాళహస్తి దేవాలయంలో ఫిడేలు వాయిస్తూ చాలా కాలం గడిపారు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వారు చివరి దశలో ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చారు. బడి గడప తొక్కని మనిషికి విశ్వవిద్యాలయం చేసిన మర్యాద అది. కానీ బాల్యంలోనే ఆయనను చేర్చుకునే బడి ఒకటి ఉండి ఉంటే, జనం చప్పట్ల కోసం అడిగిన లెక్కలకు మించి ఏమేమి చేసి ఉండేవారో! ఈ ఆలోచన మమ్ము బాధపెడుతుంది.

1997 డిసెంబరు 2న ఆయన కన్నుమూశారు. ఆయన పుట్టినది శుక్రవారం. పోయినది ఏ వారం? 90 ఏళ్ళకు 90, మధ్యలో వచ్చిన 23 లీపు దినాలు కలిపితే 113. ఏడుతో భాగిస్తే శేషం 1, కనుక తొంభయ్యవ పుట్టినరోజు శనివారం. ఇంకా పది రోజులు, శేషం 3. అంటే మంగళవారం. మా తరగతిలో ఒక అమ్మాయి ఈ లెక్కను కాగితం లేకుండా చేసి చెప్పింది. శర్మగారికి ఇంతకన్నా మంచి నివాళి మాకు తోచలేదు.

చివరిగా మన సంఘానికి మూడు మనవులు. బడులు తెరవగానే మన పిల్లలందరికీ కంటి పరీక్ష చేయించండి. పబ్లిక్ పరీక్షల ముందు సాయంకాలం ఒక గంట పెద్ద తరగతుల పిల్లలు చిన్నవారికి లెక్కలు పైకి చదివి వినిపించే ఏర్పాటు చేయండి. చింతగింజలు, అట్టముక్కలు, పాత క్యాలెండర్లు పెట్టుకోవడానికి ఒక పెట్టె ఇప్పించండి. వీటికి పెద్ద ఖర్చు లేదు. ప్రతి ఇంట్లో ఒక ఆపా ఉంది, వినే తమ్ముడు ఉన్నాడు. గట్టిగా చదవనివ్వండి, అంతే చాలు.