రుడాల్ఫ్ డీజిల్

రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో జర్మన్ దంపతులకు జన్మించాడు. 1870 నాటి యుద్ధం ఆ కుటుంబాన్ని నిరాశ్రయం చేసింది. మ్యూనిక్‌లో విద్యనభ్యసించిన ఆయన, గాలిని గట్టిగా అదిమినపుడు జనించే వేడిమితోనే, నిప్పురవ్వ లేకుండా ఇంధనాన్ని మండించవచ్చునని తలచాడు. నేటి డీజిల్ వాహనం తెల్లని పొగ చిమ్ముతూ తడబడడానికి ఒక కారణం ఈ వేడిమి చాలకపోవడమే. మండని ఇంధనమే అలా వెలువడుతుంది.

1893లో ఆగ్స్‌బర్గ్‌లో తొలి పరీక్ష జరిపినపుడు యంత్రానికి అమర్చిన కొలత పరికరం పేలిపోయింది. ఆయన వెంట్రుకవాసిలో తప్పించుకొన్నాడు. అయినా వెనుదీయలేదు. ఆలోచన కన్నా ఈ పట్టుదలే ఆయనలో గొప్పదనిపిస్తుంది. 1897లో ఆ యంత్రం ఇంధనశక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. ఆవిరి యంత్రాలకది అందని ఎత్తు.

కీర్తితోపాటు అప్పులూ పెరిగాయి. 1913 సెప్టెంబరు 29 రాత్రి, ఇంగ్లండుకు పోతున్న ఓడలో ఆయన అదృశ్యుడయ్యాడు. కొన్నాళ్లకు సముద్రంలో కనిపించిన శవంపైని వస్తువులను కుమారుడు గుర్తించాడు.