ప్రయోగ ప్రదర్శకుడు మైకేల్ ఫారడే

విజ్ఞానశాస్త్రమును పరిశోధనాలయముల నుండి ప్రజల యెదుటికి తెచ్చిన మహనీయులలో మైకేల్ ఫారడే అగ్రగణ్యుడు. విద్యుచ్ఛాస్త్రమున ఆయన కనుగొనిన విషయములు జగద్విదితములు. రసాయన ప్రయోగములను పిల్లలకును పెద్దలకును నిరపాయముగా చూపుటలో ఆయన వహించిన శ్రద్ధయు అంతే స్మరణీయము.

ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను సమీపమున ఒక పేద కమ్మరి యింట జన్మించెను. పాఠశాలలో నేర్చినది స్వల్పము. పదునాలుగవ యేట పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున చేరి, తన చేతికి వచ్చిన గ్రంథములనే చదివి శాస్త్రాభిరుచిని పెంపొందించుకొనెను. 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు హంఫ్రీ డేవీ చేసిన నాలుగు ఉపన్యాసములు విని, వాని సారమును వ్రాసి, అట్ట కట్టి ఆయనకే పంపెను. 1813 మార్చిలో అక్కడనే ప్రయోగశాల సహాయకుడుగా నియుక్తుడయ్యెను.

చేరిన కొలది వారములకే ప్రమాదము ఎదురయ్యెను. నత్రజని, క్లోరిను కలసిన ఒక భయంకరమైన స్ఫోటక ద్రవమును డేవీ పరిశీలించుచుండెను. అంతకు పూర్వమే దానివలన ఆయన కన్ను గాయపడియుండెను. గురుశిష్యులు ముఖములకు గాజు తొడుగులు ధరించియే పనిచేసిరి. ఐనను వరుసగా ప్రేలుళ్ళు సంభవించి ఫారడే చేయి చీలెను. ఒక గోరు కొంత ఊడెను. మరల 1823లో, మూసిన గాజుగొట్టములలో వాయువులను ద్రవీకరించుచుండగా ఒక గొట్టము ప్రేలి ఆయన కన్నులలో గాజుముక్కలు పడెను. అదృష్టవశమున దృష్టి నిలిచెను.

ఇట్టి యనుభవములు ఆయనను వెనుకకు మరల్చలేదు. మరింత జాగరూకుని చేసినవి. 1813లోనే మిత్రుడగు బెంజమిన్ ఆబట్‌కు వ్రాసిన లేఖలలో ఉపన్యాసశాలకు గాలి యెట్లు ప్రసరింపవలెనో, జనులు వచ్చుటకు, పోవుటకు ద్వారములెట్లుండవలెనో విచారించెను. 1827లో ప్రయోగశాలలోని చేతిపనుల మెళకువలనన్నిటిని బోధించు పెద్ద గ్రంథమును ప్రకటించెను. పూర్వము ఫిరంగిదళమున సార్జెంటుగా నుండిన చార్లెస్ ఆండర్సన్ ఆయనకు చిరకాలము విశ్వాసపాత్రుడగు సహాయకుడుగా నుండెను.

1826లో ఫారడే శుక్రవార సాయంకాల ప్రసంగములను ప్రారంభించెను. బాలురకై యేర్పడిన క్రిస్మసు ఉపన్యాసములను 1827 మొదలు 1860 వరకు 19 పర్యాయములు తానే నిర్వహించెను. వానిలో క్రొవ్వొత్తిని గూర్చిన ఆరు ఉపన్యాసములు 1860 డిసెంబరు, 1861 జనవరి మాసములలో జరిగినవి. ప్రతి యింటనుండు వస్తువుతో ఆరంభించి, దహనము, నీరు, గాలి, ప్రాణుల శ్వాసము వరకు ఆయన బాలుర బుద్ధిని నడపించెను.

ఉదజని, ఆమ్లజని వాయువుల మిశ్రమము నిప్పు సోకినచో ప్రేలును. దానిని చూపుటకు ఆయన ఆ మిశ్రమముతో ఒక సబ్బుబుడగ నూది, అరచేతిలో నిలిపి వెలిగించెను. చప్పుడు పెద్దదయ్యెను, చేతికి మాత్రము హాని కలుగలేదు. బుడగలోని వాయువు స్వల్పము; పగిలి చెదరుటకు దానిచుట్టు గాజు లేదు. గొట్టము కొననే వెలిగించినచో మంట లోనికి ప్రాకి పాత్రను తునకలు చేయునని ఆయన అప్పుడే తెలియజెప్పెను. ఆ విధముగా వింతతోపాటు అపాయకారణము కూడ బాలురకు పాఠమయ్యెను.

ఫారడే 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టునందు పరమపదించెను. ఆయన పెంపొందించిన సంస్థను ఆదర్శముగా గొని డాక్టరు మహేంద్రలాల్ సర్కారు 1876లో కలకత్తాలో విజ్ఞాన పరిషత్తును స్థాపించి, ప్రయోగములతో కూడిన ఉపన్యాసములను ప్రజలకు అందించెను. కేంద్ర ఆర్థికశాఖలో ఉద్యోగము చేయుచునే చంద్రశేఖర వేంకట రామన్ పరిశోధనలు సాగించినది అచ్చటనే.

ప్రేక్షకుడు ప్రదర్శకుని నమ్మి ముందు వరుసలో కూర్చుండును; తన బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొనును. ఆ నమ్మకమునకు భంగము రానీయకుండుటయే ప్రదర్శకుని ప్రథమ ధర్మము. గాజుముక్కల బాధ తన కన్నులతో ననుభవించిన ఫారడే ఆ ధర్మమును జీవితాంతము పాటించెను.