శ్రీ ఆదినారాయణరావు గారి జీవితము

లోకమున నిత్యము పుట్టుచున్న పాటలకు లెక్క లేదు. వానిలో నిలుచునవి మాత్రము మిక్కిలి కొద్ది. ఒక సినిమాలో పది పాటలున్నచో రెండో మూడో జనుల నోట నిలిచి, తక్కినవి ఆ సినిమాతోడనే మఱుగుపడుట సాధారణము. అట్లుగాక, ఒకే చిత్రములోని పాటలు దాదాపుగా అన్నియు ఊరూర వ్యాపించుట అరుదైన సంగతి. అట్టి పనిని ఒకసారి గాక పలుమారులు సాధించిన సంగీత దర్శకులు శ్రీ పి. ఆదినారాయణరావు గారు. వీరు మన కాకినాడ నాటకరంగమున ఆరితేరినవారు. కావున వీరి చరిత్రమును తెలిసికొనుట మన విద్యార్థులకు సంతోషమును, లాభమును గూడ కలిగింపగలదు.

ఆదినారాయణరావు గారు 1914 వ సంవత్సరమున జన్మించిరి. ఆ కాలమున మన గోదావరీ మండలములలో నాటకములకుండిన ఆదరమును ఈనాటివారు ఊహించుట కష్టము. రాత్రి భోజనములైన పిమ్మట మొదలైన నాటకము తెల్లవాఱువఱకు సాగెడిది. పద్యము రుచించినచో ప్రేక్షకులు వన్సుమోరు కొట్టి మఱల మఱల పాడించుకొనెడివారు. రుచింపనిచో ఆ సంగతియు అక్కడికక్కడనే తెలియజేసెడివారు. పాట కట్టినవానికి ఆ సభయే పరీక్షాధికారి.

అట్టి దినములలో కాకినాడయందు యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అను నాటక సమాజము వెలసియుండెను. తరువాతి కాలమున వెండితెరపై కీర్తిగాంచిన ఎస్. వి. రంగారావు గారు, రేలంగి వెంకట్రామయ్య గారు ఈ సమాజమున వేషములు ధరించినవారే. ఆదినారాయణరావు గారు ఇందు నాటకములు రచించి, వానికి వరుసలు కట్టి, నటులకు శిక్షణమిచ్చుచుండిరి. పెద్దాపురమున పుట్టిన అంజలీదేవి గారు బాల్యమునుండియు నాటకములలో నటించుచు, వీరి శిక్షణమున రాణించి, పిమ్మట వీరి ధర్మపత్నియైరి. కాకినాడవారేయైన దర్శకులు సి. పుల్లయ్య గారు అంజలీదేవి గారి ప్రతిభను గుర్తించి 1947 లో విడుదలయైన గొల్లభామ యను చిత్రమున పాత్రమిచ్చిరి. ఆ విధముగా దంపతుల జీవితము కాకినాడనుండి చెన్నపట్టణమునకు మఱలెను. 1950 లో వచ్చిన పల్లెటూరి పిల్ల యను చిత్రమునకు ఆదినారాయణరావు గారు సంగీతము కూర్చిరి.

ఆనాడు పాట ప్రజలను చేరు మార్గమెట్టిదో కొంచెము చెప్పవలసియున్నది. గ్రామఫోను రికార్డునకు రెండు ప్రక్కలుండెడివి. ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషములు మాత్రమే పాడును. ఒక ప్రక్కనున్న పాటకొఱకు రికార్డు కొన్నవాడు రెండవ ప్రక్కను గూడ త్రిప్పి వినక మానడు. ఆ రెండవ పాట నిస్సారమైనచో ఆ లోపము ఇంటింట వెల్లడి యగును. సినిమా హాలు ముంగిట స్వల్పమైన వెలకు పాటల పుస్తకము లమ్మెడివారు. రికార్డు కొనలేనివారు ఆ పుస్తకమును చూచి పాడుకొనెడివారు. ఏ పాట నిలిచెనో, ఏ పాట పోయెనో వీధిలో నడచిన వానికి తెలిసిపోవుచుండెను.

ఆదినారాయణరావు గారును అంజలీదేవి గారును అంజలీ పిక్చర్స్ అను సొంత సంస్థను స్థాపించిరి. 1953 లో పరదేశి యను చిత్రమును నిర్మించిన పిమ్మట వారు తలపెట్టినది అనార్కలి కథ. ఇది సాహసమే. ఏలయన, ఆ 1953 లోనే హిందీ భాషలో అనార్కలి చిత్రము వచ్చి, సి. రామచంద్ర గారు కట్టిన వరుసలు దేశమంతట మ్రోగుచుండెను. అదే కథకు తెలుగున పాటలు కట్టువాడు ఆ పాటలతో పోల్చబడక తప్పదు. పైగా చిత్రము సొంతది. నష్టము వచ్చినచో అది తమ యింటికే వచ్చును.

1955 లో వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వమున తెలుగు అనార్కలి విడుదలయయ్యెను. అక్కినేని నాగేశ్వరరావు గారు సలీముగను, అంజలీదేవి గారు అనార్కలిగను, కాకినాడనాటి మిత్రులు రంగారావు గారు అక్బరు చక్రవర్తిగను నటించిరి. సముద్రాల రాఘవాచార్యులు గారు పాటలు వ్రాసిరి. ఘంటసాల గారు, జిక్కి గారు పాడిరి. ఉన్నమాట చెప్పవలెనన్న, అందొక ప్రసిద్ధమైన పాట హిందీ చిత్రములోని వరుస ననుసరించినదే. ఆ చిత్రమునకు కీర్తి తెచ్చిన తక్కిన యుగళగీతములు మాత్రము ఆదినారాయణరావు గారి సొంత సృష్టి. జనులు ఆ యెరువు వరుసను ఎంత ప్రేమించిరో, సొంత వరుసలను గూడ అంతగనే ప్రేమించిరి. పోలికకు వెఱవక నిలిచిన ధైర్యమునకు ఇంతకు మించిన ఫలము లేదు.

రెండు సంవత్సరములకు, అనగా 1957 లో, సువర్ణసుందరి వచ్చెను. ఇది జానపద కథ. ఇందు శివుని స్తుతించు నాట్యగీతము కలదు. సుశీల గారు మధురముగ పాడిన పిలుపు పాట కలదు. వీని యన్నిటికిని మకుటమువలె వసంతమును వర్ణించు రాగమాలిక కలదు. ఆ రాగమాలికను ఘంటసాల గారును జిక్కి గారును పాడిరి. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ అను నాలుగు హిందూస్థానీ రాగములను ఆదినారాయణరావు గారు అందు వరుసగ కూర్చిరి. ఒక రాగమునుండి మఱియొక రాగమునకు పోవునపుడు వినువానికి కుదుపు తోచదు. మన కాలువలో పడవ ఒక లాకునుండి మఱియొక లాకునకు దిగినట్లు పాట మెల్లగ సాగిపోవును. సంగీతము చదివినవాడు రాగములను గుర్తించి ఆనందించును. చదువనివాడు రాగము పేరెఱుగకయే పాడుకొనును. పండితుని, పామరుని ఒక్క పాటతో తృప్తిపఱచుట సామాన్యము కాదు.

ఈ చిత్రము హిందీలో గూడ నిర్మింపబడెను. అచటను సంగీతము ఆదినారాయణరావు గారిదే. ఆ రాగమాలికను లతా మంగేష్కర్ గారును మహమ్మద్ రఫీ గారును హిందీలో పాడిరి. హిందీ అనార్కలి వరుసలు దక్షిణమునకు వచ్చిన కొలది యేండ్లకే, తెలుగువాని వరుస ఉత్తరమునకు పోయి నిలిచెను. ఎరువు తెచ్చుకొన్నవాడు వడ్డీతో తీర్చెనని చెప్పవచ్చును.

1960 దాటిన పిమ్మట సినిమా సంగీతమున అభిరుచులు మాఱెను, క్రొత్త వాద్యములు వచ్చెను. ఆదినారాయణరావు గారు తక్కువ చిత్రములకే సంగీతము కూర్చిరి. ఇక వీరి కాలము గతించెనని తలంచుటకు అవకాశము కలిగెను. కాని 1973 లో, దాదాపు అఱువదియేండ్ల ప్రాయమున, భక్త తుకారాం చిత్రముతో వీరి పాటలు మఱల ఊరూర మ్రోగెను. పిఠాపురపు సీమలో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు అందలి పాటలలో కొన్నింటికి మాటలు కూర్చిరి. మఱుసటి సంవత్సరము, 1974 మే నెల 1 వ తేదిని, అల్లూరి సీతారామరాజు విడుదలయయ్యెను. 1922 మొదలు 1924 వఱకు మన గోదావరి, విశాఖ మన్యములలో పోరాడి ప్రాణములర్పించిన వీరుని కథ యది. అందు శ్రీశ్రీ గారు వ్రాసిన ప్రబోధగీతమునకు జాతీయ పురస్కారము లభించెను. ఆ పాటను వి. రామకృష్ణ గారితో కలిసి పాడిన ఘంటసాల గారు ఫిబ్రవరి 11 వ తేదిననే స్వర్గస్థులైరి. ఆ గానమునకు దేశమిచ్చిన ఆదరమును వారు కన్నులార చూడలేదు. ఆ పాట మాత్రము నేటికిని మన పాఠశాలల ఉత్సవములలో వినవచ్చుచున్నది.

ఆదినారాయణరావు గారు 1991 జనవరి 25 వ తేదిని పరమపదించిరి. అంజలీదేవి గారు 2014 వఱకు జీవించిరి.

ఒకే చిత్రములోని పాటలన్నియు నిలుచుటకు కారణమేమి? అదృష్టమని కొందఱందురు. నా మట్టుకు నాకు కాకినాడ నాటకశాలయే కారణముగ తోచుచున్నది. నాటకమున రాజు పద్యమునకు ఎంత శ్రద్ధ వలయునో, చెలికత్తె పాటకు గూడ అంత శ్రద్ధ వలయును. తెల్లవాఱుజామున పాడు పాట నీరసమైనచో నిద్రమత్తున నున్న ప్రేక్షకుడు లేచి యింటికి పోవును. ఆ సభయెదుట పరీక్షకు నిలిచినవాడు ఏ పాటను గూడ తక్కువది యని విడిచిపెట్టడు. ముఖ్యమైన పాట యొకటి బాగుండిన చాలునను తలంపు అట్టివాని మనస్సునకు రాదు.

విద్యార్థులారా! మీరు పరీక్షలో తెలిసిన ప్రశ్నకు మాత్రము చక్కగ జవాబు వ్రాసి, తక్కినవానిని ఎట్లో ముగించి వచ్చుట నేను చాల యేండ్లుగ చూచుచున్నాను. నలుగురు చూచు పనిని శ్రద్ధగను, ఎవరును చూడని పనిని అశ్రద్ధగను చేయుట మన కందఱకును అలవాటే. ఉపాధ్యాయులమును అందుకు అతీతులము కాము. ఇకమీద ఈ పాత పాటలు మీ యింట వినబడినపుడు ప్రసిద్ధమైన దానిని మాత్రమే విని లేచిపోకుడు. దాని ప్రక్కనున్న చిన్న పాటను గూడ కొంచెము నిలిచి వినుడు. దానియందు ఆయన పడిన శ్రమ మీకు వినబడును.