ముందు కొలువు, తర్వాత సొంత కొట్టు

డిగ్రీ చేతికొస్తే సర్కారు ఉద్యోగమే అనుకునే రోజుల్లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు వ్యాపారం వైపు చూశారు. 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. కలకత్తాలో మందుల వ్యాపారుల దగ్గర పనిచేసి ఆ మెళకువలు నేర్చుకున్నారు. తర్వాత బొంబాయి చేరి అక్కడా ఒకరి కింద పనిచేశారు.

1893లో, 26 ఏళ్ల వయసులో, తలనొప్పికీ ఒళ్లు నొప్పులకూ అమృతాంజనం తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. కొత్త మందును జనం ఊరికే నమ్మరు కదా! అందుకే సంగీత కచేరీలకు వచ్చినవారికి ఉచితంగా పంచారు. వాడి చూసినవారే మళ్లీ కొన్నారు.

ఆ ఆదాయమే 1908లో ఆంధ్రపత్రికకు, 1924లో భారతికి ఊపిరి పోసింది. 1938లో కన్నుమూసేనాటికి ఆయన తెలుగువారికి దేశోద్ధారకుడు.

రేపు మీ అబ్బాయో అమ్మాయో వ్యాపారం చేస్తానంటే వెంటనే వద్దనకండి, సరేననీ అనకండి. ఆ పని ముందుగా ఎవరి దగ్గర నేర్చుకుంటావని అడగండి. పంతులుగారి తొలి పెట్టుబడి ఆ నేర్పే.