గాలికి లెక్క చెప్పిన ఇంజనీరు

ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ 1929 ఏప్రిల్ 3న ఢాకాలో పుట్టారు. ఆయన తండ్రి గణితం బోధించేవారు. ఖాన్ కలకత్తా దగ్గరి శిబ్‌పూర్‌లో ఇంజనీరింగ్ చదువుతుండగా 1950లో అల్లర్లు చెలరేగాయి. చదువు మధ్యలోనే వదిలి ఢాకా వెళ్లాల్సి వచ్చింది. అక్కడి కళాశాలలో పట్టా పూర్తి చేశారు. నాన్నగారి బదిలీతో బడి మారిన మనకు ఆ ఇబ్బంది కొంతైనా తెలుసు. 1952లో ఉపకార వేతనంతో అమెరికా వెళ్లి, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మూడేళ్లలోనే రెండు మాస్టర్స్ డిగ్రీలు, డాక్టరేట్ సాధించారు. 1955లో చికాగోలో ఉద్యోగంలో చేరారు.

ఎత్తైన భవనానికి అసలు చిక్కు గాలితోనే. గాలి అంతటా ఒకేలా వీస్తుందనుకుందాం. భవనం ఎత్తు రెండింతలైతే, దాన్ని అడుగున వంచే ప్రభావం నాలుగింతలవుతుంది. దాన్ని తట్టుకోవడానికి లోపలంతా స్తంభాలు నింపితే ఖర్చు విపరీతంగా పెరుగుతుంది.

ఖాన్ స్తంభాలను బయటి గోడల్లోకి జరిపి, దగ్గర దగ్గరగా నిలిపారు. భవనం మొత్తం ఒక గొట్టంలా పనిచేసింది. దీని వెనుక ఉన్నది వర్గాల లెక్కే. గొట్టంలో భాగమైన స్తంభం మధ్య నుంచి రెండింతల దూరంలో ఉంటే, భవనం వంగకుండా నాలుగింతలు తోడ్పడుతుంది. ఒక కాగితాన్ని నిలబెట్టి చూడండి, పడిపోతుంది. గొట్టంలా చుట్టి నిలబెడితే పుస్తకాన్ని కూడా మోస్తుంది. వెదురు బోలుగా ఉన్నా గాలికి నిలిచేది ఇలాగే.

చికాగోలోని 100 అంతస్తుల జాన్ హాన్‌కాక్ సెంటర్ గోడల మీద పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు కనిపిస్తాయి. అవి అలంకారం కాదు, గాలి తోపును నేలకు చేర్చే ఉక్కు దూలాలు. ఎంపైర్ స్టేట్ భవనానికి చదరపు మీటరుకు సుమారు 206 కిలోల ఉక్కు పట్టగా, దీనికి సుమారు 145 కిలోలే సరిపోయింది.

తర్వాత వచ్చింది 110 అంతస్తుల సియర్స్ టవర్. ఎత్తు 442 మీటర్లు. మూడు వరుసల్లో తొమ్మిది చదరపు గొట్టాలను కట్టగా కలిపారు. రెండు 50వ అంతస్తు దగ్గర, రెండు 66 దగ్గర, మూడు 90 దగ్గర ఆగాయి. మిగిలిన రెండే పైదాకా వెళ్లాయి. ఇరవై ఏళ్లకు పైగా ప్రపంచంలో అదే ఎత్తైన భవనం.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో ఖాన్ చికాగో నుంచే బాధితుల కోసం నిధులు సేకరించారు. 1982 మార్చి 27న జెడ్డాలో, 52 ఏళ్లకే కన్నుమూశారు.

రెండింతలైతే నాలుగింతలు. మనం బడిలో నేర్చుకునే ఈ చిన్న లెక్కతోనే ఆయన భవనాలను ఆకాశానికి చేర్చారు.