మంచం పక్కన తోడు: డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ గారి జీవితం



కాన్పు కష్టమవుతుందని చెప్పి, నెలలు నిండకముందే ఆసుపత్రిలో ఉంచుకున్న తల్లికి మందు ఎంత అవసరమో మనిషి తోడు కూడా అంతే అవసరం. అటువంటి తల్లుల కోసం సముద్రాలు దాటి మన తెలుగునేలకు వచ్చి, 37 సంవత్సరాలు ఇక్కడే సేవచేసిన డాక్టరు మఠకన్య మేరీ గ్లౌరీ గారి జీవితాన్ని ఈ వారం ధ్యానిద్దాం.

మేరీ గారు 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఒక కథోలిక కుటుంబంలో జన్మించారు. ఆ ఇంట ప్రతి రాత్రి జపమాల చెప్పుకొనేవారు. గురువుల కొరకు, వైద్యుల కొరకు ప్రత్యేకంగా ప్రార్థించడం తల్లి పిల్లలకు నేర్పిన అలవాటు. మేరీ గారు 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పొందారు. ఆ రోజుల్లో డాక్టరైన స్త్రీలు చాలా తక్కువ. మెల్బోర్న్‌లో ఆమెకు మంచి పేరు, సొంత ప్రాక్టీసు ఉండేవి.

1915లో ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. అది స్కాట్లాండు దేశపు డాక్టరు ఆగ్నెస్ మెక్లారెన్ గారి గురించినది. ఆ తల్లి వృద్ధాప్యంలో కూడా రావల్పిండి ప్రాంతపు స్త్రీల కోసం ఆసుపత్రి పెట్టించి, మఠకన్యలకు వైద్యం చేసే అనుమతి ఇవ్వాలని రోమాపురికి పదే పదే విన్నవించారు. ఘోషాలో ఉండే స్త్రీలు మగడాక్టరు ముందుకు రారు. వైద్యం అందక తల్లులు, పసిపిల్లలు చనిపోతున్నారు. ఇది చదివిన మేరీ గారు తన పిలుపు భారతదేశంలో ఉందని గ్రహించారు. మొదటి ప్రపంచ యుద్ధం వలన వెంటనే బయలుదేరలేకపోయారు. ఆ సమయాన్ని వృథా చేయక స్త్రీల వైద్యంలో, ప్రసూతి వైద్యంలో, కంటి వైద్యంలో పై చదువు చదివి, 1919లో ఎం.డి. పట్టా పొందారు.

1920 ఫిబ్రవరిలో ఆమె గుంటూరు చేరారు. హాలెండు దేశం నుండి 1904లో అక్కడికి వచ్చిన జె.ఎం.జె. సిస్టర్ల సభలో చేరి, తిరుహృదయ మేరీ అనే పేరు స్వీకరించారు. మఠవాసులు వైద్యవృత్తి చేయకూడదన్న నియమం శ్రీసభలో అప్పటికింకా ఉన్నది. 15వ బెనడిక్టు పోపుగారు ఆమెకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. మఠకన్యలందరికీ ప్రసూతి వైద్యం చేసే అనుమతి 1936లో గాని రాలేదు.

చిన్న మందుల గదిగా మొదలైన ఆ సేవ సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా పెరిగింది. ఎన్నో ఏళ్ళు ఆమె ఒక్కరే డాక్టరు. ఒక్క డాక్టరు ఎన్ని మంచాల దగ్గర కూర్చోగలదు? అందుకే ఆమె స్థానిక స్త్రీలకు నర్సులుగా, మంత్రసానులుగా, మందులు కలిపేవారుగా శిక్షణ ఇచ్చారు. దానివలన గర్భిణీ స్త్రీకి తన భాష మాట్లాడే ఆడమనిషి, తన భయం అర్థమయ్యే మనిషి పక్కన దొరికింది. 1943లో గుంటూరులోనే కథోలిక ఆసుపత్రుల సంఘానికి పునాది వేశారు. అదే నేటి భారత కథోలిక ఆరోగ్య సంఘం. చివరికి క్యాన్సర్ బాధను ఓర్పుతో భరించి, 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూశారు. ఆమె మళ్ళీ స్వదేశం చూడలేదు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

ఈ జీవితం మన మేడిపల్లి వంటి ఊళ్ళకు ఏమి చెబుతుంది? నేడు బీపీ పెరిగినా, ఉమ్మనీరు తగ్గినా, మాయ కిందికి ఉన్నా, మన ఆడబిడ్డలను జగిత్యాలకో కరీంనగర్‌కో తీసుకువెళ్ళగలుగుతున్నాం. అక్కడ వైద్యం ఉంది. కాని వారాల తరబడి మంచం మీద పడుకున్న ఆ తల్లి మనసులో ఏముందో అడిగేవారెవరు? భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. పెద్దపిల్ల ఇంటి దగ్గర అన్నం తిన్నదో లేదో తెలియదు. బీడీల పని ఆగిపోయింది. కడుపులో బిడ్డ కదలిక కాసేపు తెలియకపోతే గుండె ఆగినంత పని. దేహం వేరు, ఆత్మ వేరు అని రెండు రోగులు ఉండరు. మంచం మీద ఉన్నది ఒకే మనిషి.

కాబట్టి కుటుంబాలకు నా మనవి. మీలో ఒకరు రోజూ వెళ్ళి కాసేపు ఆమె పక్కన కూర్చోండి. ఎక్కువ మాట్లాడనక్కరలేదు, ఆమె చెప్పేది వినండి. ఫలానావారి కాన్పు ఎలా చెడిందో అక్కడ చెప్పకండి. ఆడపిల్లా మగపిల్లా అన్న ముచ్చట తేకండి. పని ఎక్కువ చేసినందుకే ఇట్లా అయ్యిందని నింద వేయకండి. దూరాన ఉన్న భర్త ప్రతిరోజూ ఫోను చేయాలి. ఇంటి దగ్గరి పిల్లల బాధ్యత అత్తమ్మలు, వదినెలు పంచుకొంటే, అదే ఆమెకు సగం మందు. నిద్ర పట్టక, ఏడుపు ఆగక, బ్రతుకు మీద ఆశ లేనట్టు మాట్లాడితే దిష్టి అని సరిపెట్టుకోక డాక్టరుకు వెంటనే చెప్పండి. అది కూడా వైద్యం ఉన్న జబ్బే.

విచారణ సంఘాల అక్కలారా, మీ వీధిలో ఏ తల్లి ఆసుపత్రిలో ఉన్నా గురువుకు కబురు చేయండి. దివ్యసత్ప్రసాదం తీసుకువస్తాం. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం చావు ముందు మాత్రమే అనుకోవడం పొరపాటు. ప్రమాదకరమైన స్థితిలో ఉన్న గర్భిణీ స్త్రీ కూడా దానిని పొందవచ్చు. ఆమె ఏ మతస్థురాలైనా పక్క మంచం తల్లిని కూడా పలకరించండి. గుంటూరులో మేరీ గారి దగ్గరికి వచ్చిన స్త్రీలందరూ కథోలికులు కారు.

ముసలితనంలో గర్భవతియైన ఎలిజబేతమ్మ గారి ఇంటికి మరియమ్మ గారు కొండసీమలు దాటి వెళ్ళి మూడు నెలలు ఉన్నారని సువార్త చెబుతుంది. ఆమె తీసుకువెళ్ళిన మందు ఏదీ లేదు. తానే వెళ్ళింది, అక్కడే ఉన్నది. మనం కూడా ఈ ఆదివారం పూజ తరువాత ఒక గంట తీరిక చేసుకొని, మనకు తెలిసిన ఒక తల్లి దగ్గరకు వెళదాం.